ఏనుగుల వీరాస్వామయ్యగారు

సంవత్సరారంభమున క్రొత్త దినచర్యపుస్తకమును సంపాదించి, మొదటి పుటపై అందమైన యక్షరములతో పేరు వ్రాసికొని, సంక్రాంతి సెలవులు ముగియుసరికి దానిని పెట్టె యడుగున పడవేయని విద్యార్థి మనలో నరుదు. ఈ వ్యాసమును వ్రాయువాడును అట్టివాడే. వ్రాయుట కేమియు లేదని మనము చెప్పుకొందుము. ఇల్లందువంటి యూరిలో దినదినమును వ్రాయదగిన దేమి జరుగునని యడుగుదుము. ఇట్టి ప్రశ్న నెన్నడును వేయక, పదునైదు నెలలకు మించి దారిపొడవునను వ్రాసికొనుచు పోయిన యొక తెలుగువాని చరిత్రమును చదువరుల కిచట మనవి చేయుచున్నాను.

వీరాస్వామయ్యగారు సుమారు 1780వ సంవత్సర ప్రాంతమున జన్మించిరి. బాల్యమునందే తండ్రిని గోలుపోయిరి. పిన్నవయస్సుననే ఇంగ్లీషు చక్కగా నేర్చి, కంపెనీవారి కచ్చేరీలలో చిన్న కొలువులు చేసి, క్రమముగా పైకి వచ్చి, చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు పదవి నందిరి. అనగా దుబాసీలకు పెద్ద. సాక్షి తన భాషలో చెప్పిన మాటను న్యాయాధిపతికి ఇంగ్లీషున తెలుపుట యీ యుద్యోగము. ఇందులో నొక కష్టము గలదు. సాక్షి చెప్పినదానికి ఒక మాట చేర్చరాదు, ఒక మాట తగ్గించరాదు, తోచలేదు రేపు చెప్పెదనని వాయిదా వేయరాదు. వినినది వినినట్లు అప్పటికప్పుడే చెప్పవలెను. వారి వ్రాతయందలి గుణము చాలవఱకు ఈ కొలువునుండియే వచ్చినదని నా యూహ.

1830వ సంవత్సరము మే 18వ తేదీని వారు కాశీయాత్రకై చెన్నపట్టణము విడిచిరి. దక్షిణదేశమున మొదటి ప్రయాణికుల రైలు నడచినది 1856లో గావున, ఆ ప్రయాణ మంతయు పల్లకులతోను, నడకతోను, అక్కడక్కడ పడవలతోను సాగవలసినదే. కుటుంబమువారు, పరిచారకులు, బోయీలు అందఱును కలిసి సుమారు నూరుగురు. డేరాలు, వంటపాత్రలు, మందులు వెంట నుండెను. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము చూచుకొని హైదరాబాదు చేరి, అచటినుండి నిర్మల దారిని గోదావరి దాటి నాగపురము, జబ్బలుపురము మీదుగా ప్రయాగకును కాశికిని పోయిరి. గయ, కలకత్తా, జగన్నాథము సేవించుకొని, సముద్రతీరపు మార్గమున విశాఖపట్టణము, రాజమహేంద్రవరము, నెల్లూరు ప్రాంతములగుండ 1831 సెప్టెంబరు 3వ తేదీని ఇల్లు చేరిరి. లెక్కింపగా సుమారు 470 దినములు.

ఇన్ని దినములును వారు వ్రాసిన దేమి? చదువరి గొప్ప వర్ణనల నాశించి పుస్తకము తెఱచిన యెడల మొదట నిరాశ కలుగును. ఈ మజిలీకిని ఆ మజిలీకిని దూర మెంత, దారి మెట్టయా గులకయా, ఊర అంగళ్లున్నవా, మంచినీరు దొరకునా, డేరా వేయుటకు నీడ గలదా, నడుమ వాగు లెన్ని, ఇట్టివియే పుటపుటకును కానవచ్చును. ఏమియు విశేషము లేని యూరికి రెండు పంక్తులతో సరి. వ్రాయుట మాత్రము మానలేదు. అలసిన దినమున కొద్దిగాను, పట్టణమున నిలిచిన దినమున విస్తారముగాను వ్రాసిరి. రెండు పంక్తులు వ్రాయుటకు సిగ్గుపడక పోవుటయే వారి యభ్యాసము తెగకుండుటకు కారణ మని తోచుచున్నది. మనము ఒక దినము పుట నిండలేదని మఱునాడు పుస్తకమునే ముట్టము.

ఇట్లు చిన్న విషయములు చూచు కన్నే పెద్ద విషయములను గూడ చూచినది. శ్రీశైలయాత్రికులనుండి కందనూరు నవాబు పుచ్చుకొను సుంకము, రాజ్యము మాఱినపుడెల్ల మాఱు నాణెములు, ఒక్కొక్క సీమలో జనుల భోజనము, కట్టు, మాటతీరు, అన్నియు అందు చేరినవి. హైదరాబాదులో జనులు ఆయుధములు ధరించి తిరుగుటను, న్యాయవిచారణకు నిలుకడ లేకుండుటను కోర్టు ఉద్యోగి యగుటచే ప్రత్యేకముగా గమనించిరి. నడుమనడుమ వేదాంతచర్చలు గూడ దీర్ఘముగా చేసిరి. అవి నావంటి బాలునకు కొంత బరువనియే చెప్పవలెను. భాష మాత్రము గ్రాంథికము కాదు; ఆనాడు చెన్నపట్టణమున మాటలాడుకొను తెలుగు, హిందూస్థానీ మాటలతో కలిసి, ఉన్నది ఉన్నట్లే కాగితముపైకి వచ్చినది. శైలి దిద్దుకొనుటకై కలము నాపి యుండినచో ఈ పుస్తకమే పుట్టి యుండదు.

మఱియొక సంగతి. వీరాస్వామయ్యగారు తమలో తామే వ్రాసికొనలేదు. చెన్నపట్టణమున కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగా రను స్నేహితుడు గలరు. ప్రయాణవిశేషము లన్నియు వారికి జాబులుగా పోవుచుండెను. వేయిమైళ్ల దూరమున ఒకరు టపాకై యెదురుచూచుచున్నా రనిన, ఎంత బద్ధకస్థునికైనను కలము పట్టక తీఱదు. పిళ్లగా రా జాబులను పాఱవేయక కూర్చియుంచిరి. వీరాస్వామయ్యగారు 1836లో పరమపదించిరి. తమ పుస్తకమును అచ్చులో చూచుకొనలేదు. 1838లో స్నేహితుడే దానిని చెన్నపట్టణమున ముద్రింపించెను. అదియే కాశీయాత్రచరిత్ర. తరువాత 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మరల ప్రకటించిరి. 1973లో ఇంగ్లీషు అనువాదము వెలువడినది. స్నేహితుని పెట్టెలో నా కాగితములు చెదలపాలైన యెడల, ఆనాటి మన దారులను గూర్చి ఇంత తెలిసికొనుటకు మనకు వేఱొక యాధారము దొరకుట కష్టము.

వీరాస్వామయ్యగారు గోదావరిని పోవునపుడు నిర్మల కడ నెగువను దాటిరి, వచ్చునపుడు రాజమహేంద్రవరపు సీమయందు దిగువను దాటిరి. నడుమనున్న భద్రాచలపు టడవులకు, మన యిల్లందు ప్రాంతమునకు వారు రాలేదు. ఇచట బొగ్గున్నదని భూగర్భశాస్త్రజ్ఞుడగు కింగుదొర కనుగొనినది 1871లో; గనులు త్రవ్వ నారంభించినది 1889లో. అంతకు పూర్వము ఈ యడవిదారిని రామదర్శనమునకు పోవు యాత్రికులు ఏ వాగు కడ నీరు త్రాగిరో, ఏ చెట్టు క్రింద వంట చేసికొనిరో, ఒక మజిలీకిని మఱియొక మజిలీకిని ఎంత దూరమో, కాశీయాత్రచరిత్రలో వెదకినను మనకు దొరకదు.