రెండు రూపాయల బియ్యం

పిల్లలూ, ఎన్టీఆర్ అనగానే మీకు ఆర్ఆర్ఆర్ సినిమాలో భీమ్ గుర్తొస్తాడు కదా! ఈ పాఠం ఆ ఎన్టీఆర్ గురించి కాదు, ఆయన తాతగారి గురించి. ఇద్దరి పేరూ నందమూరి తారక రామారావే.

తాతగారు 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు కుటుంబంలో పుట్టారు. చదువుకునే రోజుల్లో బెజవాడలో సైకిల్ మీద తిరిగి హోటళ్లకి పాలు పోసేవారు. సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వస్తే కొద్ది వారాలకే వదిలేసి మద్రాసు వెళ్లి సినిమాల్లో చేరారు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో కృష్ణుడి వేషం వేశాక, చాలా ఇళ్లలో కృష్ణుడంటే ఆయన ముఖమే.

1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీ పెట్టారు. అప్పటికి తెలంగాణ కూడా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉండేది. ఆ రాష్ట్రం ఏర్పడిన 1956 నుంచీ కాంగ్రెస్ పార్టీయే గెలుస్తోంది. మనం ఉంటున్న ఒమాన్‌లో 2023 మజ్లిస్ అష్షూరా ఎన్నికలకి జనం ఫోన్ యాప్‌లో ఓటేశారు. ఆ రోజుల్లో మన ఊళ్లలో టీవీ ఉన్న ఇల్లే అరుదు. అందుకే రామారావు గారు ఒక షెవర్లే వ్యాన్‌ని బాగుచేయించి, దానికి చైతన్య రథం అని పేరు పెట్టారు. దాని మీద నిలబడి ఊరూరా మాట్లాడారు. తిండి, నిద్ర అన్నీ దారిలోనే.

అన్ని ఊళ్లలోనూ ఒక మాట ఇచ్చారు. నన్ను గెలిపిస్తే పేదవాళ్లకి కిలో బియ్యం రెండు రూపాయలకే ఇస్తాను అని. ఇది చిన్న విషయం అనుకోకండి. అప్పట్లో చాలామంది కూలివాళ్లు రోజూ జొన్న సంగటో రాగి సంగటో తినేవారు. వరి అన్నం పండగకే. నమ్మకపోతే మీ అమ్మమ్మనో తాతయ్యనో ఫోన్ చేసి అడగండి.

పోటీగా కాంగ్రెస్ ప్రభుత్వం ఎన్నికలకి ముందే 1 రూపాయి 90 పైసలకి ఇస్తామంది. పది పైసలు తక్కువ! అయినా జనం రామారావు గారినే నమ్మారు. 1983 జనవరి 9న ఆయన ముఖ్యమంత్రి అయ్యారు.

మరి మాట నిలబెట్టుకున్నారా? నిలబెట్టుకున్నారు. ఆ ఏడాదే రేషన్ షాపుల్లో రెండు రూపాయల బియ్యం మొదలైంది. మనిషికి నెలకి 5 కిలోలు, ఒక ఇంటికి ఎక్కువలో ఎక్కువ 25 కిలోలు. ప్రభుత్వం ఎక్కువ ధరకి కొని తక్కువకి అమ్మాలి కదా, ఆ తేడా నెలనెలా ఖజానా నుంచి కట్టాలి. ఖజానాకి సారా అమ్మకాల మీద కూడా బోలెడు డబ్బు వచ్చేది. అంటే ఈ చేత్తో బియ్యం ఇచ్చి, ఆ చేత్తో కూలి డబ్బు తీసుకున్నట్టే. నాకు మాత్రం ఇది ఎప్పుడూ బాధగానే అనిపిస్తుంది.

1989 ఎన్నికల్లో ఆయన పార్టీ ఓడిపోయింది. ఆ తర్వాత నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1994లో రామారావు గారు ఇంకో మాట కూడా ఇచ్చారు, మద్యం పూర్తిగా ఆపేస్తానని. గెలిచి, ప్రమాణం చేసిన వేదిక మీదే ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. మద్యం మీద వచ్చే డబ్బు ఆగిపోయింది, బియ్యం ఖర్చు మాత్రం అలాగే ఉంది. ఒక మాట నిలబెడితే రెండో మాటకి డబ్బు చాలదు.

ఆ ఏడాది ఆగస్టులో సొంత పార్టీ ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది ఆయన అల్లుడు చంద్రబాబు నాయుడు గారి వైపు వెళ్లిపోయారు. పదవి పోయింది. 1996 జనవరి 18న రామారావు గారు హైదరాబాద్‌లో చనిపోయారు. ఆ ఏడాదే కిలో బియ్యం మూడున్నర రూపాయలయింది. 1997లో మద్యనిషేధం సడలించారు.

2008లో బియ్యం ధర మళ్లీ రెండు రూపాయలకి దిగింది. ఈసారి దించింది కాంగ్రెస్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు.