సర్ రొనాల్డ్ రాస్: బేగంపేట సైనిక వైద్యుడు

1895వ సంవత్సరము ఏప్రిల్ మాసమున, ఎండలు మండిపోవుచున్న దినములలో, ఒక సైనిక వైద్యుడు బొంబాయిలో ఓడ దిగి, రైలుబండిలో సికిందరాబాదునకు వచ్చెను. ఆ కాలమున ఆ దారిని వచ్చువారు వాడి కూడలియొద్ద నైజాము రాజ్యపు రైలుమార్గమున ప్రవేశించెడివారు. ఆ మార్గము 1874లో తెరువబడినది. ఆతని వయస్సు అప్పటికి 37 సంవత్సరములు. సైన్యములోని వైద్యునకు ఇట్టి ప్రయాణములు క్రొత్తవి కావు. ఉత్తరువు వచ్చినంతనే పెట్టె సర్దుకొని పోవలసినదే. కాని ఈ మారు ఆతడు తన సూక్ష్మదర్శినితోపాటు ఒక ప్రశ్నను కూడ వెంట తెచ్చుకొనెను.

రొనాల్డ్ రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదిని హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించెను. తండ్రి భారతదేశపు సైన్యమున సేనాని. ఎనిమిదవ యేట బాలుని చదువునకై ఇంగ్లండు పంపిరి. ఆతనికి చిత్రలేఖనము, సంగీతము, కవిత్వము ప్రాణము. వైద్యము తండ్రి కోరిక. ఇష్టములేని చదువు కావున లండను వైద్యశాలలో ఆతడు అంతగా పేరు తెచ్చుకొనలేదు. ఒక పరీక్షలో తప్పెను కూడ. ఎట్టకేలకు సైనిక వైద్యశాఖకు ఎన్నికయి, నెట్లీ సైనిక వైద్య విద్యాలయమున నాలుగు నెలలు శిక్షణ పొంది, 1881లో, ఇరువదినాలుగేండ్ల యువకుడుగా, చెన్నపట్టణపు రాజధానికి వచ్చెను.

బెంగుళూరులో ఉండగా జరిగిన చిన్న సంగతి యొకటి చెప్పదగినది. ఇతర గదులకంటె తన గదిలో దోమలు మెండుగా నుండుట చూచి, ఆతడు కారణము వెదకెను. కిటికీ చెంత నొక తొట్టి, దానిలో నిలువనీరు, ఆ నీటినిండ దోమపిల్లలు. తొట్టిని బోర్లించెను. దోమలు తగ్గిపోయెను. దండులోని తొట్టులన్నియు నిట్లే చేయుదమని పై యధికారికి చెప్పగా, ఆయన అంగీకరింపలేదు.

తరువాత బర్మా యుద్ధమునకును, అండమాను దీవులకును పోయెను. ప్రొద్దుపుచ్చుటకు గణితము, నవలలు. జ్వరములతో జనులు లక్షలకొలది చచ్చుచుండగా వైద్యులకు కారణమే తెలియదు. చెడుగాలి వలన చలిజ్వరము వచ్చునని యే పలువురు నమ్మిరి. 1880లో అల్జీరియాలో లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు రోగి నెత్తురులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ క్రిమి మనిషిలోనికి ఎట్లు వచ్చుచున్నది? 1894లో సెలవుపై లండనులో నున్న రాస్‌నకు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఆ క్రిమిని చూపి, దోమలయందు వెదకవలెనని చెప్పెను. ఇదియే ఆతడు రైలులో తెచ్చిన ప్రశ్న.

సికిందరాబాదులో ఆతడు వ్రేలు పొడిచి నెత్తురు తీయుటకు వచ్చునని విని రోగులు భయపడి తొలగిపోవుచుండిరి. ఐనను డబ్బిచ్చి కొందరిని ఒప్పించెను. కొన్ని నెలలకే కలరా అణచుటకై బెంగుళూరు పొమ్మని ఉత్తరువు! దాదాపు రెండేండ్లు అటు గడచెను. నీలగిరి ప్రాంతమున వెదకబోయి తానే చలిజ్వరము తెచ్చుకొనెను.

1897 జూనులో మరల వచ్చి బేగంపేటలోని సైనిక వైద్యశాలలో కూర్చుండెను. వానలు లేవు, గది కొలిమివలె నుండెను. పంకా విసరించుకొన్నచో కోసి పరచిన దోమల యవయవములు ఎగిరిపోవును. నొసటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను, కంటియద్దము పగిలెను. అన్నిటికంటె పెద్ద చిక్కు, అంతవరకు ఆతడు వందలకొలది కోసినవి తప్పుజాతి దోమలు. ఆగస్టు నడుమ సేవకులు తెచ్చిన పురుగులనుండి మచ్చల రెక్కలుగల గోధుమరంగు దోమలు కొన్ని పుట్టెను. 16వ తేదిని వానిని హుస్సేనుఖాను అను చలిజ్వరపు రోగిచే కరపించుకొనజేసిరి. కాటు ఒకటికి ఒక అణా చొప్పున వాని కిచ్చిరి. దోమలు కొన్ని చచ్చెను, కొన్ని పరీక్షలో ముగిసెను. 20వ తేదిని, మిగిలినవానిలో ఒకదాని కడుపు గోడయందు గుండ్రని కణములు కనబడెను. వానిలో నల్లని రేణువులు; మలేరియా క్రిమిలో నుండునవే! మరునాడు చివరి దోమను కోయగా ఆ కణములు ఇంకను పెద్దవై యుండెను. క్రిమి దోమలో పెరుగుచున్నదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? ఆ సంతోషమున ఆతడు పద్యములు వ్రాసెను.

ఇక పని పూర్తియగునని తలచునంతలో, సెప్టెంబరులో మరల బదిలీ. ఈసారి పోవలసినది రాజపుతానాలోని ఖేర్వారా. అచట మలేరియా దాదాపు లేదు! దేశమంతట జ్వరము కాల్చుచుండగా, దాని గుట్టు పట్టినవానిని జ్వరము లేని చోటికి పంపుట చూచి నవ్వవలెనో యేడ్వవలెనో తెలియదు. మాన్సన్ పట్టుదల వలన 1898 ఆరంభమున ఆతనిని కలకత్తాకు పంపిరి. అచట మనుష్యులు దొరకనందున పిచ్చుకలు మొదలగు పక్షుల మలేరియాపై పరిశోధించి, ఆ జూలైలో క్రిమి దోమయొక్క లాలాజల గ్రంథులకు చేరునని, కాటుతో ఆరోగ్యమైన పక్షికి వ్యాపించునని కనుగొనెను. మహమ్మద్ బక్షు అను సహాయకుడు ఆతనికి కుడిభుజముగ నుండెను. మనుష్యుల మలేరియాను మచ్చల రెక్కల దోమయే వ్యాపింపజేయునని అదే సంవత్సరము ఇటలీలో గ్రాసీ, ఆతని మిత్రులు నిరూపించిరి. పేరు ఎవరికి చెందవలెనను తగవు రాస్‌ను, గ్రాసీని బహుకాలము బాధించెను. రాస్ కోపిష్ఠి, తనకు రావలసినదానిని వదలు స్వభావము కాదు.

1899లో సైన్యమును వీడి లివర్పూలులో ఉపన్యాసకుడయ్యెను. 1902లో నోబెల్ బహుమతి, 1911లో సర్ బిరుదు లభించెను. ఐనను ధనము నిలువలేదు. 1928లో తన కాగితములను 2000 పౌండ్లకు అమ్ముకొనవలసివచ్చెను. 1932 సెప్టెంబరు 16వ తేదిని లండనులో మరణించెను. బేగంపేటలోని ఆ భవనము పాత విమానాశ్రయమునకు చేరువను ఆతని పేరుతో నేటికిని నిలిచియున్నది. 1923లో ప్రకటించిన తన స్వీయచరిత్రలో రాస్ హుస్సేనుఖాను పేరును మరువక వ్రాసెను.