గెర్డా మసీదు ముందు నిలబడిన గురువు: ఫాదర్ హెర్మన్ రాస్‌కార్ట్

1964 మార్చి 24, మంగళవారం. ఈస్టర్‌కు ఇంకా అయిదు రోజులుంది. ఛోటానాగపూర్‌లోని కథోలిక విచారణలన్నీ పవిత్ర వారం ప్రార్థనల్లో ఉన్నాయి. ఆ రోజు, అప్పటి రాంచీ జిల్లాలో ఉన్న గెర్డా అనే ఊళ్లో ముస్లింల మీదికి వస్తున్న గుంపుకు ఒక బెల్జియన్ గురువు అడ్డు వెళ్లారు. ఆయన్ని రాళ్లతో కొట్టి చంపారు. ఆయన పేరు హెర్మన్ రాస్‌కార్ట్. వయసు 41 ఏళ్లు.

ఆయన ప్రాణం పెట్టింది తన మతం వాళ్ల కోసం కాదు. ఆయన ప్రాణం పోయినా అక్కడి మారణకాండ ఆగలేదు. అరవై ఏళ్లు దాటినా ఆయన కథ ఇంకా చెప్పుకోవాల్సి రావడానికి ఈ రెండు విషయాలే కారణం.

లీవెన్స్ నడిచిన దారిలో

రాస్‌కార్ట్ 1922 సెప్టెంబరు 13న నెదర్లాండ్స్‌లోని బ్రెడాలో బెల్జియన్ కుటుంబంలో పుట్టారు. 1941లో యేసు సభలో చేరారు. అప్పటికి బెల్జియం జర్మనీ సైన్యం ఆక్రమణలో ఉంది. పరాయి సైన్యం బూట్ల కింద యవ్వనం గడిపిన ఆ యువకుడు 1947లో భారత్ చేరుకున్నారు. దేశ విభజన రక్తపాతం జరిగిన ఏడాది అది.

ఛోటానాగపూర్‌కు బెల్జియన్ జెస్యూట్లు కొత్తవాళ్లు కాదు. 1885లో వచ్చిన కాన్‌స్టంట్ లీవెన్స్ తోర్పా కేంద్రంగా పనిచేశారు. జమీందార్ల కింద భూములు పోగొట్టుకుంటూ, వెట్టిచాకిరీలో నలుగుతున్న ముండాల తరఫున ఆయన కోర్టు కేసులు పట్టించుకున్నారు. ఆ తర్వాత ఆదివాసీలు వేల సంఖ్యలో జ్ఞానస్నానం కోసం వచ్చారు. క్షయ సోకిన లీవెన్స్ బెల్జియం తిరిగి వెళ్లి 1893లో, 37 ఏళ్లకే కన్నుమూశారు. 1908 నాటి ఛోటానాగపూర్ కౌలుదారీ చట్టం రూపుదిద్దుకోవడంలో మరో జెస్యూట్ జాన్ హాఫ్‌మన్ పాత్ర ఉంది.

అందుకే ఈ ప్రాంతపు పల్లెల్లో విచారణ గురువు అంటే పూజ చేసి వెళ్లిపోయే మనిషి కాదు. అర్జీ రాసిపెట్టేది, పొలం తగాదాలో మాట్లాడేది, బడి నడిపేది కూడా ఆయనే. ఊళ్లో గొడవ జరిగితే ముందుగా కబురు అందేదీ ఆయనకే. ఒడిశా సరిహద్దుకు దగ్గర్లో, ఇప్పటి సిమ్‌డేగా ప్రాంతంలోని కుటుంగియా విచారణలో రాస్‌కార్ట్ అలాంటి గురువు.

పాత్రలోని రక్తం

ఆ మరణం కథోలికులను ఎందుకంత కదిలించిందో అర్థం కావాలంటే వాళ్ల విశ్వాసంలో ఒక విషయం తెలియాలి. దివ్యబలిపూజలో గురువు ఎత్తిపట్టే అప్పం క్రీస్తు శరీరంగా, పాత్రలోని ద్రాక్షరసం ఆయన రక్తంగా మారుతాయని కథోలికులు నమ్ముతారు. గుర్తుగా మాత్రమే కాదు, నిజంగానే మారుతాయన్నది వాళ్ల నమ్మకం. 1215 నాటి నాలుగో లాటరన్ మహాసభ ఈ నమ్మకాన్ని సిద్ధాంత భాషలో పెట్టింది. 1264లో నాలుగో అర్బన్ పోపు క్రీస్తు దివ్య శరీర మహోత్సవాన్ని స్థాపించారు. క్రీస్తు అమూల్య రక్తం పేరిట ఉన్న పండుగను 1849లో తొమ్మిదో పయస్ పోపు శ్రీసభ అంతటికీ విస్తరించారు. జులై నెలను కథోలికులు ఆ భక్తికే కేటాయించుకున్నారు. రాస్‌కార్ట్ చనిపోవడానికి నాలుగేళ్ల ముందే, 1960లో, ఇరవై మూడో యోహాను పోపు ఈ భక్తిని ప్రోత్సహిస్తూ ప్రత్యేక లేఖ రాశారు.

అప్పట్లో పూజ లాటిన్‌లోనే సాగేది. విశ్వాసులు అప్పం మాత్రమే స్వీకరించేవారు. పాత్రలోంచి తాగేది గురువు ఒక్కరే. కొన్ని సందర్భాల్లో విశ్వాసులకూ పాత్ర అందించవచ్చని రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో అంగీకరించినా, అది పల్లెలకు చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. తనను తాను ఇతరుల కోసం అర్పించుకున్నవాడి రక్తాన్ని రోజూ తాగే మనిషి ఎలా బతకాలన్న ప్రశ్న, ఆ రోజుల్లో ప్రతి గురువుకూ నేరుగా తగిలే ప్రశ్న.

ఆనాటి పూజ పుస్తకం ప్రకారం, పవిత్ర మంగళవారం చదవాల్సింది మార్కు సువార్తలోని శ్రమల వృత్తాంతం. తోటలో యేసు ఒంటరిగా, ఈ పాత్ర తన దగ్గరి నుంచి తొలగిపోవాలని వేడుకుని, చివరికి తండ్రి చిత్తానికే తలవంచే ఘట్టం అందులోనే ఉంది.

రైలు మార్గం వెంట

ఆ ఏడాది నిప్పు చాలా దూరంలో రాజుకుంది. 1963 డిసెంబరు 27న శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ దర్గా నుంచి పవిత్ర కేశం మాయమైంది. జనవరి 4న అది దొరికింది. కానీ ఈలోగానే తూర్పు పాకిస్తాన్‌లోని ఖుల్నాలో హిందువుల మీద దాడులు మొదలయ్యాయి. ఆ తర్వాత కలకత్తాలో ముస్లింల మీద దాడులు జరిగాయి. తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు వెల్లువెత్తారు. వాళ్లను దండకారణ్యంలో పునరావాసం కోసం రైళ్లలో పశ్చిమానికి తరలించారు.

ఆ రైళ్లు వెళ్లే దారిలోనే టాటానగర్, రూర్కెలా ఉన్నాయి. శరణార్థులు చెప్పిన ఘోరాలు స్టేషన్ల నుంచి ఉక్కు కర్మాగారాల కాలనీల్లోకి పాకాయి. వాటికి పుకార్లు తోడయ్యాయి. మార్చిలో జంషెడ్‌పూర్, రూర్కెలా రెండూ మండాయి. జంషెడ్‌పూర్‌లో తెలుగువాళ్లతో సహా దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్మికులు ఒకే కొలిమి దగ్గర పనిచేసేవారు. కథోలికులకు అది రెండేళ్ల కిందట, 1962లో ఏర్పడిన కొత్త మేత్రాసనం. అలాంటి ఊళ్లో పక్క ఇంటివాడే శత్రువయ్యాడు. తూర్పు పాకిస్తాన్‌లో జరిగినదానితో ఏ సంబంధమూ లేని కుటుంబాలు దానికి మూల్యం చెల్లించాయి.

పట్టణాల నుంచి ఆ ద్వేషం పల్లెలకు చేరింది. రూర్కెలాకు ఉత్తరాన ఉన్న సిమ్‌డేగా పల్లెలూ దాన్నుంచి తప్పించుకోలేదు.

గెర్డాలో

గెర్డాలో ముస్లింలు ప్రాణభయంతో మసీదులో తలదాచుకున్నారు. చుట్టుపక్కల నుంచి వచ్చిన జనం ఊరిని ముట్టడించారు. కబురు అందుకున్న రాస్‌కార్ట్ అక్కడికి వెళ్లారు. ఆయన దగ్గర ఆయుధం లేదు, వెంట పోలీసు బలగమూ లేదు. ఆయనకున్నదల్లా ఆ ప్రాంతంలో సంపాదించుకున్న గౌరవం ఒక్కటే. ఛోటానాగపూర్‌లో ఎనభై ఏళ్లుగా గురువు మాటకు విలువ ఉంది. ఆ రోజు కూడా ఉంటుందనుకోవడం అత్యాశేమీ కాదు.

ఆ రోజు ఆ మాట చెల్లలేదు. ఆపమని వేడుకుంటున్న ఆయన మీద రాళ్లు పడ్డాయి. ఆయన అక్కడే ప్రాణాలు విడిచారు. ఆ తర్వాత గుంపు మసీదులో ఉన్నవాళ్లనూ చంపింది. రెండు రోజుల తర్వాత వచ్చిన పవిత్ర గురువారం, కడరా భోజనాన్ని గుర్తుచేసుకునే సాయంకాల పూజ వేళకు, కుటుంగియాకు గురువు లేరు.

వేదసాక్షి అనవచ్చా?

కథోలిక సంప్రదాయంలో వేదసాక్షి అని గుర్తించాలంటే విశ్వాసం మీది ద్వేషంతోనే చంపారని తేలాలి. రాస్‌కార్ట్ విషయంలో ఆ కొలత సూటిగా సరిపోదు. ఆయన్ని చంపింది క్రైస్తవుడైనందుకు కాదు, ముస్లింల ముందు నిలబడినందుకు. 2017 జులైలో ఫ్రాన్సిస్ పోపు పునీత పట్టానికి కొత్త మార్గం ఒకటి చేర్చారు. ఇతరుల కోసం తెలిసి తెలిసి ప్రాణం అర్పించినవారినీ ఇప్పుడు పరిగణించవచ్చు. గెర్డా లాంటి మరణాలను అర్థం చేసుకోవడానికి శ్రీసభకు అలా ఒక భాష దొరికింది.

అయితే ఆయన్ని స్మరించుకోవడంలో ఒక చిక్కుంది. ఆ రోజు చనిపోయినవాళ్లలో మనకు పేరు తెలిసింది ఆయనొక్కరిదే. మసీదులో చనిపోయిన ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లల పేర్లు ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఆయన వెళ్లింది వాళ్ల కోసమే కాబట్టి, వాళ్లను మరిచి ఆయన్ని మాత్రమే పొగిడితే ఆ చావుకు అర్థం సగమే మిగులుతుంది.

పదిహేనేళ్ల తర్వాత, 1979 ఏప్రిల్‌లో, జంషెడ్‌పూర్ మళ్లీ మతకల్లోలంలో తగలబడింది. ఒక్క మనిషి అడ్డు నిలబడితే ద్వేషం ఆగిపోతుందని గెర్డా చెప్పదు. అడ్డు నిలబడాల్సింది ఎవరి కోసం అన్న ప్రశ్నకు మాత్రం, మంగళవారంనాడు మసీదు ముందు నిలబడిన ఆ గురువు దగ్గర సందేహం లేని సమాధానం ఉంది.