బ్రౌణ్యం వెనుక మనిషి

ఒక మనిషి పేరే ఒక పుస్తకానికి పేరై నిలవడం అరుదు. తెలుగులో అటువంటి గౌరవం దక్కిన గ్రంథం బ్రౌణ్యం. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అనే ఇంగ్లీషు దొర కూర్చిన నిఘంటువుకు మన పండితులు పెట్టుకున్న పేరు అది. పరాయివాడు రాసిన పుస్తకానికి సంస్కృత గ్రంథానికి పెట్టినట్టు పేరు పెట్టుకున్నారంటే, ఆయనను మనవాళ్ళు ఎంత దగ్గరికి తీసుకున్నారో ఊహించవచ్చు.

వేమనను వెలుగులోకి తెచ్చిన దొరగా, తాళపత్రాలను కాపాడిన దొరగా బ్రౌన్ మనలో చాలామందికి తెలుసు. ఈ వ్యాసంలో ఆయన జీవితాన్ని మరొక వైపు నుంచి చూద్దాం. బ్రెమెన్‌లో పెరుగుతున్న మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో జర్మన్, బడిలో ఇంగ్లీషు. గిమ్నాజియం పై తరగతులకు వచ్చేసరికి ఇంగ్లీషులో బరువైన మాటలు కావలసివస్తాయి. పిల్లలు మాటల పట్టీ ముందు పెట్టుకుని బట్టీ పడతారు. పరీక్ష అయిన నెలకు సగం మరచిపోతారు. మాటలు ఎలా కూడబెట్టాలి, కూడబెట్టినవి ఎలా నిలబెట్టుకోవాలి అని తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. జీవితమంతా మాటలు కూడబెట్టిన ఈ మనిషి కథలో ఆ ప్రశ్నకు జవాబు ఉంది.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, అనేక భాషలపై మక్కువ గలవాడు. చిన్ననాడే తండ్రి వద్ద హీబ్రూ, అరబ్బీ, పారశీకం వంటి భాషలతో కుమారునికి పరిచయం కలిగింది. 1812లో తండ్రి మరణించగా కుటుంబం ఇంగ్లండు చేరింది. ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులను తయారు చేసుకునే హెయిలీబరీ కళాశాలలో చదువు ముగించి, 1817లో బ్రౌన్ మదరాసులో దిగారు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు నిండలేదు, తెలుగు రాదు. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి. బ్రౌణ్యం రాసిన మనిషి ఉయ్యాలలో తెలుగు విన్నవాడు కాదు. పెద్దయ్యాక, ఉద్యోగం కోసం, అక్షరాల దగ్గర మొదలుపెట్టి నేర్చుకున్నవాడు.

మదరాసులోని సెంట్ జార్జి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు గారు ఆయనకు తెలుగు నేర్పారు. అప్పటికి కాంప్‌బెల్ దొర వ్యాకరణం (1816) అచ్చులో ఉంది. అదే దొర నిఘంటువు 1821లో గాని రాలేదు. 1820లో పరీక్ష ముగించుకుని బ్రౌన్ కడపకు కలెక్టరు సహాయకుడుగా వెళ్ళారు. అసలు పాఠశాల అక్కడ మొదలయింది. కళాశాలలో చదివిన తెలుగు ఒకటి, కచేరీకి వచ్చిన రైతు తన గోడు చెప్పుకునే తెలుగు ఒకటి. పంతులు గారు నేర్పిన మాటలతో పద్యానికి అర్థం చెప్పవచ్చునేమో గాని, పొలం గట్టు తగవు తీర్చడం కుదరదు. రెండు తెలుగులూ తెలుగే అని బ్రౌన్ గ్రహించారు. తరువాత ఆయన చేసిన పని అంతటికీ ఇదే పునాది.

కడప నుంచి బందరు, అక్కడి నుంచి రాజమండ్రి, మళ్ళీ కడప. ఉద్యోగం ఎక్కడికి తిప్పితే అక్కడికి వెళ్ళి, అక్కడి మాటలను, పుస్తకాలను పోగుచేశారు. 1824 ప్రాంతంలో వేమన పద్యాల మీద ఆయన దృష్టి పడింది. ఊరూరా వ్రాతప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి, పాఠాలు సరిచూసి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించారు. పండితులు అంతగా లెక్కచేయని కవిని ఒక విదేశీయుడు తన పాఠ్యపుస్తకంగా ఎంచుకున్నాడు. కారణం వెతకనక్కరలేదు. వేమన పద్యంలో జనం మాట్లాడే మాట ఉంది.

కడపలో ఒక బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను, లేఖకులను పెట్టుకుని, కావ్యాలకు శుద్ధప్రతులు రాయించారు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి గారు అక్కడి పని చూసేవారు. జూలూరి అప్పయ్య శాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మ శాస్త్రి వంటి పండితులు బ్రౌన్ వద్ద పనిచేశారు. జీతం చాలక అప్పులు చేశారు. కడపలోను, బందరులోను పిల్లలకు ఉచిత పాఠశాలలు కూడా నడిపారు. పెళ్ళి చేసుకోలేదు. సంపాదన అంతా పుస్తకాలకే పోయిందంటే అతిశయోక్తి కాదు.

ఇక మాటలు కూడబెట్టిన తీరు చూద్దాం. బ్రౌన్ నిఘంటువు తెరిస్తే మాట పక్కన అర్థం ఒక్కటే ఉండదు. కావ్యంలోని మాట అయితే కవి ప్రయోగం ఉంటుంది. వాడుకలోని మాట అయితే వాడుక వాక్యం ఉంటుంది. మాట ఒంటరిగా బతకదని ఆయనకు తెలుసు. మనం అన్నం తింటాం, దెబ్బలు తింటాం, కొందరు లంచాలు తింటారు. ఈ మూడు చోట్లా ఇంగ్లీషులో ఈట్ అని రాస్తే పిల్లవాడికి సున్నా వస్తుంది. తిను అంటే ఈట్ అని పట్టీలో బట్టీ పట్టినవాడికి ఆ ఒక్క అర్థమే వస్తుంది. మూడు వాక్యాలు విన్నవాడికి ఆ మాట పూర్తిగా వస్తుంది. మన పిల్లలకు మరొక చిక్కు కూడా ఉంది. గిఫ్ట్ అనే మాట ఇంగ్లీషులో బహుమతి, జర్మన్‌లో విషం. అక్షరాలు ఒకటే అయినా వాక్యం తెలియకపోతే అమృతానికి, విషానికి తేడా తెలియదు.

బ్రౌన్ జీవితంలో ఒక్క మాట కోసం పై అధికారుల అభిప్రాయానికి ఎదురు నిలిచిన ఘట్టం ఒకటి ఉంది. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను ఘోరమైన కరువు కబళించింది. డొక్కల కరువు అని జనం చెప్పుకున్నది అదే. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ సమయంలో బ్రౌన్ గుంటూరులో ఉద్యోగం చేస్తున్నారు. ప్రభుత్వం ఆ విపత్తును స్కేర్సిటీ అనే మాటతో సరిపెట్టదలచింది. అంటే కొరత. బ్రౌన్ దానిని ఫేమిన్ అన్నారు. అంటే కరువు. జర్మన్‌లో చెబితే ఒకటి క్నాప్‌హైట్, మరొకటి హుంగర్స్‌నోట్. రెంటికీ మధ్య ఉన్న దూరం నిఘంటువులో పుటల లెక్క మాత్రమే. గుంటూరు వీధుల్లో అది ప్రాణాలకు సంబంధించిన దూరం. కొరత అంటే ఓపిక పట్టమని చెప్పవచ్చు. కరువు అంటే గంజి పోయక తప్పదు.

పిల్లలకు ఇంగ్లీషు మాటలు నేర్పేటప్పుడు నాకు ఎప్పుడూ గుర్తుకు వచ్చే ఘట్టం ఇది. గొప్ప పదసంపద అంటే పొడుగాటి మాటలు రావడం అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పక్కపక్కన ఉన్న రెండు మాటలలో ఏది నిజం చెబుతుందో తెలుసుకోవడమే పదసంపద. ఆ మాటను వాడగలగడానికి కొంచెం ధైర్యం కూడా కావాలి.

1834లో ఉద్యోగం పోయి బ్రౌన్ ఇంగ్లండు వెళ్ళారు. అక్కడ కూడా ఊరుకోలేదు. లండన్‌లోని కంపెనీ గ్రంథాలయంలో పట్టించుకునేవారు లేక పడి ఉన్న దక్షిణాది వ్రాతప్రతులు, రెండు వేలకు పైగా, ఆయన చొరవతో మదరాసుకు తిరిగి వచ్చాయి. 1837లో పారశీక అనువాదకుడుగా మళ్ళీ మదరాసు వచ్చారు. తరువాత పోస్టుమాస్టర్ జనరల్‌గా, తెలుగు అనువాదకుడుగా పనిచేశారు. పగలు కచేరీ, మిగిలిన వేళ నిఘంటువు. 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు, మిశ్రభాషా నిఘంటువు కూడా 1854 నాటికి అచ్చయ్యాయి. ఒకటి దొరలకు తెలుగు నేర్పడానికి, మరొకటి తెలుగువారికి ఇంగ్లీషు నేర్పడానికి. మూడవది, తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాల కోసం.

ఆ మూడవ పుస్తకం గురించి ఒక మాట చెప్పాలి. అర్జీ, కచేరీ, జమాబంది వంటి మాటలను ఆనాటి పండితులు తెలుగుగా ఒప్పుకునేవారు కాదు. జనం మాట్లాడుతున్నారు గనుక బ్రౌన్ వాటికి కూడా చోటిచ్చారు. మన ఇళ్ళలో రేపు డాక్టరు దగ్గర టెర్మిన్ ఉంది అంటాం, బాన్‌హోఫ్‌కి వెళ్ళి నాన్నను తీసుకురా అంటాం. బ్రౌన్ దొర ఈనాడు బ్రెమెన్‌కు వస్తే, నవ్వకుండా ఈ రెండు మాటలనూ పుస్తకంలో ఎక్కించుకునేవారు.

మన ఊరికి ఈ కథతో నేరుగా కాకపోయినా పక్కచుట్టరికం వంటిది ఒకటి ఉంది. ఇప్పుడు బ్రెమెన్ కేంద్రంగా ఉన్న ఉత్తర జర్మనీ మిషన్ వారు 1840ల నడుమ రాజమండ్రికి తమ మనుషులను పంపారు. కొన్నేళ్ళకే ఆ పని అమెరికా లూథరన్లకు అప్పగించారు. ఈ ఉత్తరపు గాలిలో పెరిగినవాళ్ళు గోదావరి ఒడ్డున కూర్చుని తెలుగు గుణింతాలు దిద్దుకున్నారన్నమాట. బ్రౌన్ నిఘంటువు వారి చేతికి అందేనాటికి ఇంకా రాలేదు. అడిగి నేర్చుకోవడం వారికి తప్పలేదు. నేడు మనం ఎదురు దిక్కు నుంచి వచ్చి అదే కష్టం పడుతున్నాం.

బ్రౌన్ 1855లో ఇండియా విడిచి లండన్ చేరారు. 1865లో అక్కడి విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యులయ్యారు. అచ్చయిన నిఘంటువును పక్కన పెట్టక, దిద్దుకుంటూ, చేర్చుకుంటూ చివరి వరకు గడిపారు. 1884 డిసెంబరు 12న లండన్‌లో కన్నుమూశారు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. ఆ తరువాత 1903లో కందుకూరి వీరేశలింగం పంతులు గారు మరి ఇద్దరితో కలిసి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును సవరించి ప్రకటించారు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల, బ్రౌన్ పేర గ్రంథాలయం వెలిసింది.

ఇంతకూ తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నకు వద్దాం. పిల్లవాడు కొత్త ఇంగ్లీషు మాట తెచ్చినప్పుడు దాని అర్థం అడగకండి, దానితో ఒక వాక్యం అడగండి. ఆ వాక్యాన్ని జర్మన్‌లో ఎలా అంటారో వాడే చెబుతాడు. తెలుగులో ఎలా అంటారో మీరు చెప్పండి. మీకు తెలియకపోతే అమ్మమ్మను, తాతయ్యను ఫోనులో అడగండి. ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టి మూడు వాక్యాలూ పక్కపక్కన రాయించండి. రోజుకు ఒక్క మాట చాలు, ఏడాదికి మూడు వందల అరవై అయిదు అవుతాయి. మూడు వేళ్ళు దిగిన మొక్క గాలికి పడదు.

ఇందులో పిల్లల ఇంగ్లీషుకు వచ్చే లాభం ఒక పాలు అయితే, మనకు వచ్చే లాభం రెండు పాళ్ళు. బ్రౌన్ నాటికి తాళపత్రాలు చెదలు తింటున్నాయి, ఆయన వాటిని ఎత్తి రాయించారు గనుక మిగిలాయి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ నోట ఉన్న మాటలకు తాళపత్రం కూడా లేదు. వంటింటి మాటలు, పొలం మాటలు, జబ్బుల పేర్లు, వానల పేర్లు, అడగకపోతే వాళ్ళతోనే పోతాయి. తెలుగు రాని కుర్రవాడు పందొమ్మిదో ఏట మొదలుపెట్టి అంత పని చేయగలిగాడు. మన పిల్లలకు పదేళ్ళే. నోటుపుస్తకం ఈ వారమే కొనండి.