చీకటిలో చేయందించిన సర్ ఆర్థర్ పియర్‌సన్

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు నెల కిందట నాకు పని పురమాయించారు. మహాత్మాగాంధీ గురించి, ప్రకాశం పంతులుగారి గురించి, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి గురించి నాకంటే బాగా రాయగలవారు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరే దారి పట్టి ఒక ఆంగ్లేయుని ఎంచుకున్నాను. తన కాలంలో, తన దేశంలో ఆయన పేరు తెలియని ఇల్లు లేదు. ఆయన మనలాగే గుమాస్తాగా జీవితం మొదలుపెట్టారు. నడివయసులో రెండు కళ్ళూ పోగొట్టుకున్నారు. ఆ తరువాతే యుద్ధంలో చూపు పోయిన సైనికులను వెయ్యిమందికి పైగా తిరిగి తమ కాళ్ళమీద నిలబెట్టారు. ఆయన్నే ఎందుకు ఎంచుకున్నానో చివర మనవి చేసుకుంటాను.

గుమాస్తా నుంచి పత్రికాధిపతి

సిరిల్ ఆర్థర్ పియర్‌సన్ 1866 ఫిబ్రవరి 24న ఇంగ్లండులోని సోమర్సెట్ జిల్లా వూకీ గ్రామంలో జన్మించారు. తండ్రి చర్చిలో మతగురువు. ఉన్నవారూ కారు, లేనివారూ కారు. కుర్రవాడు వించెస్టర్ పాఠశాలలో చదివాడు గాని పై చదువులకు పోలేదు.

ఆ రోజుల్లో లండనులో టిట్‌బిట్స్ అనే వారపత్రిక ఉండేది. దాని యజమాని జార్జి న్యూన్స్ 1884లో ఒక విచిత్రమైన పోటీ పెట్టాడు. వారం వారం ప్రశ్నలు అచ్చు వేస్తాడు. అన్నిటికన్నా ఎక్కువ సరైన జవాబులు పంపినవారికి బహుమతి తన కార్యాలయంలో గుమాస్తా ఉద్యోగం! పద్ధెనిమిదేళ్ళ ఆర్థర్ జవాబుల కోసం బెడ్‌ఫర్డ్ పట్నంలోని గ్రంథాలయానికి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేవాడు. వానా చలీ లెక్కచేయకుండా పుస్తకాలు తిరగేసి, జవాబులు రాసుకుని, మళ్ళీ సైకిలు మీద ఇల్లు చేరేవాడు. ఉద్యోగం అతనికే దక్కింది. సర్వీసు కమిషను పరీక్షలు రాసి, ఫలితాల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనబోటివాళ్ళకు ఆ కుర్రవాడి ఆరాటం వేరే చెప్పనక్కరలేదు.

ఏడాది తిరగకుండానే న్యూన్స్ అతనిని మేనేజరును చేశాడు. 1890లో పియర్‌సన్ బయటికి వచ్చి సొంతంగా పియర్‌సన్స్ వీక్లీ ప్రారంభించారు. 1892లో పట్నపు మురికివాడల పిల్లలను ఒక రోజైనా పల్లెటూరి గాలికి తీసుకువెళ్ళడానికి ఒక నిధి పెట్టారు. 1900లో డైలీ ఎక్స్‌ప్రెస్ దినపత్రికను స్థాపించారు. పేరున్న పత్రికలు మొదటి పేజీ నిండా ప్రకటనలే వేసుకునే ఆ కాలంలో ఆయన మొదటి పేజీలో వార్తలు వేశారు. 1904లో స్టాండర్డ్ అనే పాత పత్రికను కొన్నారు. బాలుర స్కౌటు ఉద్యమం మొదలైన కొత్తలో 1908లో దాని పత్రికను అచ్చువేసింది కూడా ఆయన సంస్థే. మనిషి ఒకచోట కుదురుగా కూర్చునే రకం కాదు.

చూపు పోయిన రోజులు

అలాంటి మనిషికి కంటిజబ్బు వచ్చింది. మన పెద్దలు నీటికాసులు అనేవారు, డాక్టర్లు గ్లాకోమా అంటారు. కంటిలోపల ఒత్తిడి పెరిగి చూపునరం కొద్దికొద్దిగా చచ్చిపోవడమే ఈ జబ్బు. 1908లో ఆపరేషను చేశారు. ఫలితం లేకపోయింది. పేజీలు దిద్దడం, అక్షరాలు చూడడం కష్టమైపోయింది. 1910లో స్టాండర్డ్‌ను అమ్మేశారు. కొంతకాలానికి డైలీ ఎక్స్‌ప్రెస్ కూడా చేయి దాటిపోయింది. చూపు పూర్తిగా పోతుందని, తిరిగి రాదని వైద్యులు తేల్చి చెప్పేశారు. అప్పటికాయనకు యాభై ఏళ్ళు కూడా నిండలేదు.

ఆ సంగతి విన్న రోజున ఆయన తన భార్య ఎథెల్‌తో ఒక మాట అన్నారట. గుడ్డివాళ్ళలో తానూ ఒకడిగా మిగిలిపోనని, అంధులంటే ముందుగా తన పేరే గుర్తుకు వచ్చేలా బతుకుతానని ఆ మాటకు సారాంశం. గర్వంగా ధ్వనించవచ్చు గాని, ఆ తరువాతి పదేళ్ళలో ఆయన చేసి చూపించింది సరిగ్గా అదే.

ముందుగా తన పనులు తాను చేసుకోవడం నేర్చుకున్నారు. అంధుల జాతీయ సంస్థలో చేరి 1914లో దానికి అధ్యక్షులయ్యారు. బ్రెయిలీలో ఇంగ్లీషు నిఘంటువు తెచ్చారు. పత్రికలు నడిపిన చేతికి చందాలు పోగుచేయడం తెలుసు. పుట్టుగుడ్డివారిని, నడుమ చూపు పోయినవారిని వందలమందిని కలిసి మాట్లాడారు. అప్పుడాయనకు ఒక విషయం బోధపడింది. చూపు పోయినవాణ్ణి కుంగదీసేది చీకటి ఒక్కటే కాదు, చుట్టుపక్కలవారి జాలి కూడా. వాడి చేతిలోని పని లాక్కుని మూల కూర్చోబెట్టినప్పుడే వాడు నిజంగా గుడ్డివాడవుతాడు.

సెయింట్ డన్‌స్టన్స్

1914 ఆగస్టులో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫిరంగి గుండ్ల ముక్కలు, తుపాకి గుళ్ళు, ఆ తరువాత విషవాయువులు ఎందరో యువకుల కళ్ళు తీసేశాయి. ఇరవై, ఇరవై అయిదేళ్ళ పిల్లలు. మొన్నటిదాకా గనుల్లో, పొలాల్లో, దుకాణాల్లో పనిచేసినవారు. వారికి పింఛను ఇచ్చి ఇంటికి పంపితే సరిపోతుందని చాలామంది అనుకున్నారు. పియర్‌సన్ అలా అనుకోలేదు.

1915 మొదట్లో లండనులో ఒక ఇంట్లో చిన్న వసతిగృహం తెరిచారు. ఆ మార్చిలోనే రీజెంట్స్ పార్కులోని ఒక పెద్ద భవంతికి మారారు. ఆటో కాన్ అనే అమెరికను బ్యాంకరు తన ఇంటిని, తోటను ఇందుకోసం వాడుకోనిచ్చాడు. ఆ ఇంటి పేరే సెయింట్ డన్‌స్టన్స్. వెనుకటి యజమాని ఒకరు సెయింట్ డన్‌స్టన్ చర్చి పాత గడియారాన్ని కొని అక్కడ పెట్టించడం వల్ల ఆ పేరు వచ్చింది. వెళ్ళిన రోజున అక్కడ పట్టుమని ఇరవైమంది సైనికులు కూడా లేరు. యుద్ధం సాగినకొద్దీ చుట్టుపక్కల ఇళ్ళూ, షెడ్లూ కలుపుకుంటూ పోవలసి వచ్చింది.

పియర్‌సన్ పద్ధతి కొంచెం వివరంగా చెప్పాలి. సైనికుడు ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే ఆయన స్వయంగా వెళ్ళి కలిసేవారు. పక్కన కూర్చుని మాట్లాడుతున్న ఈ పెద్దమనిషికి కూడా చూపు లేదని కుర్రవాడికి కాసేపటికి తెలిసేది. అదే మొదటి మందు. ఒక్కొక్కరికి తడిమి వేళ తెలుసుకునే బ్రెయిలీ గడియారం ఇచ్చేవారు. పగలో రాత్రో తెలియక ఒకరిని అడగవలసిన అగత్యం దాంతో తీరిపోయేది. వస్తువు చిన్నదే, కాని తనంత తాను ఒక సంగతి తెలుసుకోవడం అక్కడితో మొదలయ్యేది.

సెయింట్ డన్‌స్టన్స్‌లో నడిచే దారి పాదానికి తెలిసేలా నేలమీద పట్టీలు పరిచారు. తోటలో పట్టుకుని నడవడానికి కమ్మీలు వేశారు. చదువు చెప్పేవారిలో పలువురు తాము కూడా చూపులేనివారే. కొత్తగా వచ్చినవాడు బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉండగా, ఆరునెలల ముందు వచ్చినవాడు చకచకా నడుచుకుంటూ పోతుంటే, ఆ అడుగుల చప్పుడే పెద్ద పాఠం. వేలికొసలతో నేర్చుకునే చదువు మనిషిని త్వరగా అలసిపోయేలా చేస్తుంది. అందుకని పొద్దున కొంతసేపు, మధ్యాహ్నం కొంతసేపు మాత్రమే పాఠాలు. మిగతా వేళ సరస్సులో పడవలు నడపడం, తాడులాగుడు పందేలు, సంగీతం, నాట్యం. సేవకు వచ్చిన యువతులతో అక్కడే పెళ్ళిళ్ళు కుదిరిన సందర్భాలూ చాలానే ఉన్నాయి.

అందరూ బ్రెయిలీ, టైపు నేర్చుకునేవారు. టైపు పరీక్ష గట్టెక్కినవాడికి సొంత టైపు మిషను ఇచ్చేవారు. తన ఉత్తరం తానే రాసుకోవాలన్నది అందులోని ఉద్దేశం. అది కాక ఒక్కొక్కరూ ఒక్కొక్క వృత్తి. బుట్టలల్లడం, చాపలు నేయడం, జోళ్ళు బాగుచేయడం, వడ్రంగం, టెలిఫోను ఎక్స్ఛేంజి పని, కోళ్ళ పెంపకం. కోడిని చేత్తో తడిమి అది ఏ జాతిదో చెప్పేవారు. కొందరు శరీరమర్దన వైద్యం నేర్చుకుని, గాయపడిన సైనికులకు చికిత్స చేయడానికి సైనిక ఆసుపత్రుల్లోనే ఉద్యోగాల్లో చేరారు. నిన్న రోగిగా మంచం మీద పడుకున్నవాడు నేడు వైద్యం చేసే చేయి అయ్యాడు.

శిక్షణ అయిపోయాక మనిషిని వదిలేయలేదు. ఊరికి వెళ్ళినవాడి సరుకు అమ్ముడుపోతోందా, ముడిసరుకు అందుతోందా, పని నాణ్యత తగ్గకుండా ఉందా అని చూడడానికి ప్రత్యేక విభాగం పెట్టారు. 1916 నుంచి వారి మధ్య రాకపోకలు తెగిపోకుండా ఒక పత్రిక నడిపారు. మన ఈ పత్రిక లాంటిదే అనుకోండి. ఎవరెక్కడ ఉన్నారు, ఎవరింట శుభకార్యం, ఎవరు కాలం చేశారు, అన్నీ అందులో ఉండేవి.

1916లో ప్రభుత్వం ఆయనకు బారనెట్ బిరుదు ఇచ్చింది. 1919లో తన అనుభవాలను ఒక పుస్తకంగా రాశారు. ఒక మాట ఒప్పుకోవాలి. ఆయనకు ధనబలం, పత్రికాబలం, పెద్దల పరిచయం ఉన్నాయి. అవి లేని సామాన్యుడికి ఇంత సాధ్యం కాదు. కాని అవన్నీ ఉండి, చూపు పోగానే తలుపు మూసుకుని కూర్చున్నవారూ లోకంలో ఉన్నారు.

ఆకస్మిక మరణం, ఆగని పని

1921 డిసెంబరు 9న స్నానాల తొట్టిలో కాలు జారి, కుళాయికి తల తగిలి, స్పృహ తప్పి నీటిలో మునిగి సర్ ఆర్థర్ మరణించారు. వయసు 55. అంత్యక్రియలకు చూపులేని మాజీ సైనికులు ఎందరో వచ్చారు. స్నానాలగది విషయంలో మన వయసువారు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఇంతకంటే చెప్పనక్కరలేదు.

సంస్థ ఆగలేదు. 1916లో సోమ్ యుద్ధంలో కళ్ళు పోయి, అక్కడే శిక్షణ పొందిన ఇయాన్ ఫ్రేజర్ అనే యువకుడు దాని అధ్యక్షుడై 1974 వరకు నడిపాడు. 2012 నుంచి అది బ్లైండ్ వెటరన్స్ యుకె అనే పేరుతో కొనసాగుతోంది.

మన దేశానికీ దాని నీడ అందింది. 1915లో గల్లిపోలి యుద్ధంలో చూపు పోయిన న్యూజిలాండు సైనికుడు క్లూతా మెకంజీ కూడా సెయింట్ డన్‌స్టన్స్‌లో తర్ఫీదు పొందినవాడే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయన మన దేశానికి వచ్చి, కళ్ళు పోయిన భారతీయ సిపాయిల కోసం డెహ్రాడూన్‌లో అదే పేరుతో, అదే పద్ధతిలో శిక్షణాలయం నడిపారు. స్వాతంత్య్రం వచ్చాక 1950లో మన ప్రభుత్వం అక్కడ వయోజన అంధుల శిక్షణ కేంద్రం పెట్టింది. మన భాషలన్నిటికీ ఒకే తీరు చుక్కల లిపి ఉండాలని జరిగిన కృషిలోనూ మెకంజీకి భాగం ఉంది. 1951లో రూపుదిద్దుకున్న ఆ భారతి బ్రెయిలీలోనే మన తెలుగు పిల్లలు నేటికీ అ ఆలు దిద్దుతున్నారు.

నా మనవి

ఇప్పుడు నా సంగతి. నాకూ నీటికాసులే. కుడికన్ను దాదాపు పోయింది. ఎడమకంటికి పక్కచూపు లేదు, ఎదుటిది మాత్రం మసకగా తెలుస్తుంది. నొప్పి లేని జబ్బు కావడంతో చాలాకాలం గుర్తించలేదు. గుర్తించాక రెండేళ్ళు ఇంట్లో చెప్పలేదు. చెబితే మూల కూర్చోబెడతారని భయం. రెండు నవంబర్ల కిందట జీవన ప్రమాణపత్రం ఇవ్వడానికి ఒక కార్యాలయానికి వెళ్ళాను. సంతకం చేయవలసిన గీత కనబడక తడుముకుంటుంటే, అక్కడి కుర్రవాడు విసుగుపడి ఇంకుప్యాడు నా ముందుకు తోశాడు. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళమీద నోట్లు రాసిన చేతితో ఆ రోజు వేలిముద్ర వేశాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు ఇంట్లో అంతా చెప్పేశాను.

మా మనవడు పియర్‌సన్ కథ చదివి వినిపించింది ఆ తరువాతే. ఒక అట్టముక్కకు సంతకం పట్టేంత సన్నని కంత కోసి ఇచ్చిందీ వాడే. ఎవరైనా ఆ కంతను గీతమీద పెడితే చాలు, నా సంతకం నేనే చేస్తాను. నిరుడు నవంబరులో అదే కార్యాలయంలో చేశాను. ఈ వ్యాసం నేను చెబుతుంటే వాడే రాశాడు. మా కోడలు ఇదివరకు కాఫీగ్లాసు కూడా నా చేతికి తగలనిచ్చేది కాదు. ఇప్పుడు పొద్దున్నే కూరలు ఒలిచే పని నాకే అప్పజెబుతోంది. చిక్కుడుకాయలకు కళ్ళక్కరలేదు, వేళ్ళు చాలు.

సోదర సోదరీమణులారా, నలభై దాటిన ప్రతివారూ ఏడాదికొకసారి కంటిఒత్తిడి చూపించుకోండి. నీటికాసుల్లో పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది మాత్రం చుక్కల మందుతో చాలావరకు నిలుస్తుంది. ఈ జబ్బు రక్తసంబంధీకుల్లో వచ్చే అవకాశం ఎక్కువ కనుక తోబుట్టువులకు, పిల్లలకు కూడా చూపించండి. ఇక ఇంట్లోవారికి ఒక్క విన్నపం. చూపు తగ్గిన పెద్దల మీద జాలిపడకండి. చేతిలో ఒక పని పెట్టండి. అందులో తప్పులు వస్తే రానివ్వండి.

సర్ ఆర్థర్ పియర్‌సన్ నూరేళ్ళ కిందట ఆ సైనికులకు చేసింది ఇంతే.