గుండ్రంలో ఒక ఖాళీ

ఫ్రెండ్స్, ముందు మా ఫ్లాప్ షో గురించి చెప్తా. పోయిన ఏడాది ఫ్రెషర్స్ పార్టీలో మేం పదిహేను మందిమి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను ఏడు నిమిషాల డాన్స్‌గా వేశాం. థర్మాకోల్ కత్తులు, ఎర్ర లైటు, పొగ. మధ్యలో హీరో, వెనకాల మేం పద్నాలుగు మంది. 2019లో వచ్చిన సైరా సినిమా చూసిన కళ్ళు కదా, మాకు అంతకు మించి ఏమీ తోచలేదు. ఈలలే ఈలలు. స్టేజీ దిగాక జూనియర్ ఒకడు వచ్చి, ఫ్యాక్షన్ సీన్ అదిరింది అన్నా అని చెయ్యి కలిపాడు.

వాడు మెచ్చుకోలుగానే అన్నాడు. నాకే ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు. నాది కోవెలకుంట్ల దగ్గర పల్లె. నల్లరేగడి, పప్పుశనగ చేలు, పక్కన కుందూ నది. మాది ఫలానా ఊరు అని చెప్పగానే బాంబుల గురించీ సుమోల గురించీ అడిగేవాళ్ళను చిన్నప్పటి నుంచి చూస్తున్నా. ఇప్పుడు మా ఊరి వైపు మనిషి కథను నేనే తీసుకెళ్ళి ఆ డబ్బాలో పడేసి వచ్చా. డైలాగ్ ఒక్కటీ లేదు, కథ తప్పు చెప్పిందీ లేదు. తప్పంతా మా అడుగుల్లో ఉంది. ఒకణ్ణి మధ్యలో నిలబెట్టి, మిగతావాళ్ళను వెనక ఊపితే చూసేవాడికి అందేది ఒక్కటే: ఇది ఒక మొనగాడి పగ కథ.

సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఈ సంగతి మా జేజినాయనకు చెప్పా. ఆయన వయసులో ఉన్నప్పుడు చెక్కభజన కట్టిన మనిషి. రేనాటి పల్లెల్లో నరసింహారెడ్డి పాట చెక్కభజనలోనే బతికింది. నేను ఫోన్లో మా వీడియో చూపిస్తే ఆయన పూర్తిగా చూసి, వీళ్ళందరూ ఎవరు అని వెనకున్న పద్నాలుగు మందిని చూపించి అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. వాళ్ళకు మేం పేరు పెట్టలేదు, పని పెట్టలేదు. ఆ ప్రశ్న పట్టుకునే మళ్ళీ మొదటి నుంచి కథ చదివా.

కథ లెక్కతో మొదలవుతుంది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి రాసిచ్చాడు. అందుకే దత్తమండలాలు అన్న పేరు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి పాళెగాళ్ళ కోటలూ బలగాలూ లేకుండా చేసి, భరణాలు కట్టాడు. నరసింహారెడ్డి ఇంటికి నెలకు 70 రూపాయలు వచ్చేది. అది రెండు వాటాలై 35 అయింది. ఆ 35ని ముగ్గురు అన్నదమ్ములు పంచుకుంటే మనిషికి 11 రూపాయల 10 అణాల 8 పైసలు. కాలిక్యులేటర్ తీసి చూసుకోండి, పైసతో సహా సరిపోతుంది. ఒకప్పుడు ఊళ్ళను ఏలిన ఇంటి మనిషి ఆ చిల్లర కోసం తాలూకా కచేరీ వైపు చూడాల్సి వచ్చింది.

కొత్త డాన్స్‌లో మా మొదటి సీన్ ఇదే. స్టేజీ నిండా మా జేజినాయన పాత పంచె పరిచాం. హీరో దాని మీద కాళ్ళు బార చాపి నడుస్తాడు. ఇద్దరు వచ్చి పంచెను సగానికి మడుస్తారు. నడక కురచవుతుంది. మళ్ళీ మూడు మడతలు. చివరికి ఒంటికాలి మీద నిలబడే జాగా మిగులుతుంది. సంగీతం లేదు, మడత పడ్డప్పుడల్లా ఒక్క డప్పు దెబ్బ. అవమానాన్ని ముఖం మీద చూపించడానికి మా హీరో ఫ్రెషర్స్ పార్టీలో నానా తంటాలు పడ్డాడు. ఇక్కడ ముఖంతో పనే లేకపోయింది.

ఇక్కడితో ఆపితే మాత్రం ఇది ఒక ఇంటి ఆస్తి తగాదాలాగే ఉంటుంది. జేజినాయన అడిగిన ప్రశ్నకు జవాబు రెండో సీన్లో ఉంది. వెనకున్న ఆ పద్నాలుగు మంది కట్టుబడులు. ఊరి కాపలా చేసినందుకు జీతం బదులు ఇనాం భూమి అనుభవించేవాళ్ళు. కంపెనీ తన పోలీసును తెచ్చుకున్నాక వీళ్ళ కాపలా అక్కర్లేదంది. కట్టుబడి చనిపోతే ఆ భూమి కొడుక్కి పోకుండా సర్కారుకు పోవడం మొదలైంది. నరసింహారెడ్డికి తగ్గింది భరణం. వీళ్ళకు పోయింది తిండి. 1846లో ఈ రెండు కోపాలూ ఒకచోట కలిశాయి. బోయలూ, వడ్డెలూ, చెంచులూ ఆయన వెనక చేరారు. వడ్డె ఓబన్న, గోసాయి వెంకన్న పేర్లు ఈనాటికీ మా వైపు పాటల్లో వినిపిస్తాయి.

ఈ సీన్లో పద్నాలుగు మందికీ తలా ఒక చిన్న తువ్వాలు. తువ్వాలు మీద నిలబడి ఎవడి పని వాడు చేస్తుంటాడు: ఒకడు దున్నుతాడు, ఒకడు కర్ర పట్టుకుని కాపలా తిరుగుతాడు. డప్పు మోగుతుంది, ఒకడు కూలిపోతాడు, పక్కనున్నవాడు అతని కొడుకుగా వచ్చేలోపు తువ్వాలు లాగేస్తారు. నాలుగోసారికి హాల్లో ఎవరికైనా అర్థమవుతుంది, ఇది ఒకడి కష్టం కాదని. తువ్వాలు పోయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గుండ్రంగా నిలబడతారు. హీరో ఆఖరున వచ్చి ఆ గుండ్రంలో చేరతాడు. మధ్యలోకి రాడు. పదిహేనో మనిషిగా నిలబడతాడు.

దీని మీద మా టీంలో పెద్ద గొడవే అయింది. హీరో వేసేవాడికి అలక. జనం ఎవర్ని చూడాలిరా అని వాడి బాధ. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం: కొత్త అడుగు ఎప్పుడూ వాడి దగ్గర పుడుతుంది, పక్కవాడికి అంటుకుని గుండ్రం చుట్టి తిరిగి వాడి దగ్గరికి వస్తుంది. నాయకుడు కనిపిస్తాడు గానీ విడిగా కనిపించడు. మేం కనిపెట్టింది ఏమీ లేదు. చెక్కభజనలో గురువు అడుగు వేస్తే జట్టు అందుకునే పద్ధతే అది. జేజినాయన పది రోజులు మా చేత కాళ్ళకు గజ్జెలు కట్టించి, చేతుల్లో చెక్కలు పెట్టించి ఆ నడక నేర్పించాడు. కత్తులు అటకెక్కాయి.

1846 జూలైలో వాళ్ళు కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డారు. భరణం కోసం పంపిన మనిషిని తహసీల్దారు అవమానించి పంపాడని, ఆ కోపంలో అతని ప్రాణం కూడా తీశారని మా వైపు చెప్పుకుంటారు. కత్తులు తీసేశాం కదా అని రక్తాన్ని దాచలేదు. పద్నాలుగు జతల చెక్కలు ఒకే తాళంలో మోగుతూ గుండ్రం బిగుసుకుంటుంది, ఒక్కసారిగా చప్పుడు ఆగుతుంది, ఒక జత చెక్కలు నేల మీద పడతాయి. అంతే. ఎవరూ ఈల వెయ్యలేదు.

తర్వాత కంపెనీ సేనలు దిగాయి. లెఫ్టినెంట్ వాట్సన్, కెప్టెన్ నాట్ వెంటపడ్డారు. జూలై చివర్లో గిద్దలూరు దగ్గర పోరు జరిగింది. దానికి మేం పెట్టుకున్న సూత్రం ఒక్కటే: కంపెనీవాళ్ళు గీతల్లో నడుస్తారు, మనవాళ్ళు గుండ్రంలో తిరుగుతారు. బూట్ల అడుగులు నాలుగు లెక్కకు, గజ్జెలు ఏడు లెక్కకు. రెండు తాళాలూ అంత తొందరగా కలవవు, చెవికి చిరాగ్గా ఉంటుంది. ఆ చిరాకే మాకు కావాల్సింది. గీతలు గుండ్రాన్ని కోసేసరికి మనవాళ్ళు చెదిరి, ఎక్కడివాళ్ళు అక్కడ చేతులెత్తి చెట్లై నిలబడతారు. అదే నల్లమల. గీతలు ఆ చెట్ల మధ్య వెతుక్కుంటూ తిరుగుతాయి. నెలల తరబడి సాగిన ఆ వేట 1846 అక్టోబరు 6న నరసింహారెడ్డి పట్టుబడడంతో ముగిసింది.

అప్పటికి కోవెలకుంట్ల కడప జిల్లాలో ఉండేది. కడప కలెక్టరు కాక్రేన్. దాదాపు వెయ్యి మంది మీద వారంట్లు వెళ్ళాయి. అందులో 412 మందిని నేరం లేదని వదిలేశారు, 273 మందిని జామీను మీద వదిలారు, 112 మందికి శిక్షలు వేశారు. ఈ అంకెలు చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మొనగాడి పగ కోసం అంతమంది రారు కదా. దీన్ని పద్నాలుగు మందితో ఎట్లా చూపించాలి? మన బ్రాంచి బుద్ధి ఎక్కడికి పోతుంది, నిష్పత్తి కట్టాం. 7, 5, 2 వచ్చింది. ఏడుగురు తిన్నగా నడిచి వెళ్ళిపోతారు. అయిదుగురు వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్తారు. ఇద్దరు చేతులు వెనక్కి కట్టుకుని మోకాళ్ళ మీద ఉండిపోతారు. లెక్క చూసేవాళ్ళకు తెలియదు. తెలియాల్సిన పని కూడా లేదు.

ఇక చివరి సీను. 1847 ఫిబ్రవరి 22, సోమవారం పొద్దున, వేల జనం చూస్తుండగా కోవెలకుంట్లలో ఆయన్ని ఉరి తీశారు. అక్కడితో వదల్లేదు. తలను కోట బురుజు మీద వేలాడదీసి, 1877 దాకా, అంటే 30 ఏళ్ళు అట్లాగే ఉంచారు. ఫ్రెషర్స్ పార్టీలో మేం తాడు కట్టి, హీరో చేత గుండెలు బాదుకునేలా అరిపించాం. ఈసారి తాడు లేదు. హీరో తన చెక్కలు నేల మీద పెట్టి, గుండ్రం దాటి, చీకట్లోకి నడిచి వెళ్ళిపోతాడు. వెళ్ళినవాళ్ళంతా తిరిగి వచ్చి గుండ్రం కడతారు. వాడి జాగా ఖాళీగా వదిలేస్తారు. తర్వాత ఏడాదికొకటి చొప్పున 30 అడుగులు. పాట లేదు, చెక్కలు మోగవు, గజ్జెలు మాత్రం. అడుగుకు రెండు సెకన్లు, మొత్తం ఒక నిమిషం. గుండ్రం తిరుగుతుంటే ఆ ఖాళీ కూడా తిరుగుతూ అందరి ముందుకూ వస్తుంది.

నాకు ఆ నిమిషం మీదే భయం. కాలేజీ ఫెస్ట్‌లో నిమిషం పాటు నిశ్శబ్దమంటే మాటలా? పది అడుగుల దగ్గర ఎవడిదో ఫోను మోగింది, వెనక నుంచి నవ్వులు. పదిహేను దగ్గర నవ్వులు ఆగాయి. ఇరవై దాటాక మా గజ్జెలు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ముప్పయ్యో అడుగుకు ఆ ఖాళీ జాగా పక్కనున్నవాడు వంగి, నేల మీది చెక్కలు తీసి, ఒకే ఒక్కసారి కొడతాడు. లైటు ఆగిపోతుంది. తల మిగలని మనిషిని ఈ సీమలో మిగిల్చింది ఆ చప్పుడే కాబట్టి అక్కడ ఆపాం.

ప్రైజు రాలేదు. ఎనర్జీ తగ్గిందన్నారు. పోనీలే. దిగి వస్తుంటే ఆ పాత జూనియరే మళ్ళీ ఎదురొచ్చాడు. ఈసారి చెయ్యి కలపలేదు. ఆ తువ్వాళ్ళ భూములు వాళ్ళకు తిరిగి ఇచ్చారా అన్నా అని అడిగాడు. నాకు అంతకు మించిన ప్రైజు అక్కర్లేదు.

1857 కన్నా పదేళ్ళు ముందే లేచినవాడని నరసింహారెడ్డిని మనం గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కానీ ఆయన లేచింది పెద్ద మాటల కోసం కాదు. 11 రూపాయల 10 అణాల 8 పైసల దగ్గర, పక్కవాడి చెక్క భూమి దగ్గర లేచాడు. అందువల్ల ఆయన చిన్నవాడైపోడు. మనలాంటివాళ్ళకు ఇంకా దగ్గరవాడవుతాడు.

మీలో ఎవరి ఊళ్ళోనైనా చెక్కభజన జట్టు ఉంటే ఈ సెలవుల్లో పోయి ఒక్క నడకైనా నేర్చుకోండి. మా జేజినాయన జతలో ఇప్పుడు మిగిలింది నలుగురే.