పబ్జీలో ఒక్క క్షణంలో స్కోప్.. అసలు కార్98కి మాత్రం ఎందుకంత తిప్పలు? పాల్ మౌజర్ కథ ఇదీ

పబ్జీ ఆడినవాళ్లకు కార్98 గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. స్కోప్ దొరికితే చాలు, క్షణంలో తుపాకీ మీద కూర్చుంటుంది. కానీ నిజం రైఫిల్ దగ్గర ఇదే పని పెద్ద తలనొప్పి. కారణం తెలియాలంటే దాని వెనకున్న మనిషి గురించి తెలుసుకోవాలి.

ఆయన పేరు పీటర్ పాల్ మౌజర్. 1838 జూన్ 27న జర్మనీలోని ఒబెర్న్‌డార్ఫ్‌లో పుట్టారు. 13 మంది పిల్లల్లో ఆఖరివాడు. తండ్రి అక్కడి వుర్టెంబర్గ్ రాజుగారి ఆయుధ కర్మాగారంలో తుపాకుల పనివాడు. పాల్ కూడా చిన్న వయసులోనే అందులో చేరారు. తర్వాత అన్న విల్‌హెల్మ్‌తో కలిసి సొంత రైఫిల్ మీద పడ్డారు. బుర్ర తమ్ముడిది, బేరసారాలు అన్నవి. వాళ్ల రైఫిల్‌ను 1871లో ప్రష్యా తీసుకుంది. 1874లో, తండ్రి జీతానికి పనిచేసిన కర్మాగారాన్నే ఆ అన్నదమ్ములు కొన్నారు.

1882లో అన్న చనిపోయారు. పాల్ ఆగలేదు. 1898లో జర్మనీ సైన్యం ఆయన కొత్త రైఫిల్ గెవేర్ 98ను తీసుకుంది. తూటా గుల్ల పగిలినా వేడి గ్యాస్ సైనికుడి ముఖానికి కొట్టకుండా పక్కకు పోయేలా దాన్ని కట్టారు. విచిత్రం ఏంటంటే.. 1901లో ఆటోమేటిక్‌గా లోడయ్యే మరో రైఫిల్‌ను పరీక్షిస్తూ ఆయనే ఒక కన్ను పోగొట్టుకున్నారు. అయినా పని మానలేదు.

1914 మే 29న మౌజర్ కన్నుమూశారు. రెండు నెలలు తిరిగేసరికి మొదటి ప్రపంచ యుద్ధం. 1935లో ఆయన 98నే పొట్టిచేసి జర్మనీ తెచ్చిన రైఫిలే కార్98కె. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిగిలిపోయిన ఈ తుపాకులు అమెరికా లాంటి దేశాల్లో చవగ్గా అమ్ముడయ్యాయి. వేటగాళ్లు కొనుక్కొని స్కోప్ బిగించబోయారు.

అసలు చిక్కు ఇక్కడే!

* స్కోప్ రంధ్రాలు బ్యారెల్ నడిగీత మీదే పడాలి. కానీ 98 పైభాగం గుండ్రంగా ఉంటుంది, ఉక్కు పైపొర గట్టిది. డ్రిల్ బిట్ ఇట్టే పక్కకు జారుతుంది.

* 10 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న రెండు రంధ్రాల్లో ఒకటి 0.1 మిల్లీమీటరు పక్కకు పోయిందనుకోండి. స్కోప్ చూపు 100 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లు తప్పుతుంది.

* బోల్ట్ పిడిని పైకెత్తితే కిందికి బిగించిన స్కోప్‌కు తగులుతుంది. వంచాలంటే వేడి చేయాలి. వేడి ఎక్కువైతే బోల్ట్ గట్టిదనమే పోతుంది.

* సేఫ్టీ లివర్ కూడా పైకే లేస్తుంది. దాన్నీ మార్చాల్సిందే.

ఇది మౌజర్ తప్పా? కాదు. ఆయన ఆలోచించింది వేటగాడి గురించి కాదు, యుద్ధంలో ఉన్న సైనికుడి గురించి. ఆ సైనికుడు ఇనుప సైట్‌తోనే గురి చూస్తాడు. ఐదు తూటాల క్లిప్‌ను పైనుంచి ఒక్క తోపుతో లోపలికి దించుతాడు. అందుకే పైభాగం ఖాళీగా ఉంచారు. స్కోప్ కూర్చోవాల్సింది సరిగ్గా ఆ చోటే!

ఒకటి మారిస్తే ఇంకో మూడు మార్చాలి. గేమ్‌లో క్షణం పట్టే పనికి బయట చేయి తిరిగిన పనివాడు కావాల్సింది ఇందుకే.